గెడ్డపేటలో మంటలు ఆగిపోయిన ఏడాది

మా గెడ్డపేటలో పోయిన మాఘమాసం నుంచి అగ్నిప్రమాదాలు పూర్తిగా ఆగిపోయాయి. కాలవలసినవన్నీ ఎప్పటిలాగే కాలుతూనే ఉన్నాయనుకోండి. గడ్డివాములు కాలాయి, రెండు పాకలు కాలాయి, రేషన్ డిపో వెనకాల గోనెసంచుల గది కాలింది. కానీ కాలడం వేరు, అగ్నిప్రమాదం జరగడం వేరు అని పై ఆఫీసువారు తేల్చారు. వాళ్లు చదువుకున్నవాళ్లు. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. అందుకని నా తెలివి కలపకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు నరసాయమ్మ. ఫైర్ స్టేషన్ గేటు పక్కన రేకుల కొట్టు నాది. టీ, పునుకులు అమ్ముతాను. మా ఆయన ఆ స్టేషన్‌లోనే బండి తోలి, అక్కడే రిటైరై, ఆ తర్వాత మూడేళ్లకు పోయాడు. నలభై ఆరేళ్లుగా ఆ గేటులోంచి ఎర్రబండి ఎప్పుడు బయటికి వెళ్లిందో, ఎవరింటికి వెళ్లిందో, తిరిగొచ్చాక ముందుగా టీ ఎవరు అడిగారో అన్నీ నాకు గుర్తే. ఎవరైనా అడిగితే చెబుతాను. అడక్కపోయినా చెబుతాను.

ఫైర్‌మన్ పనంటే మంటలు ఆర్పడం అనుకుంటారు మీరు. కాదు, ఎదురుచూడడం. ఇరవై నాలుగు గంటల డ్యూటీలో బండి కదిలేది గంటో, రెండు గంటలో. మిగతాదంతా బూట్లు విప్పకుండా కూర్చోవడమే. మా ఆయన కాలంలో పులీమేకా ఆడేవారు. తర్వాత క్యారమ్స్ వచ్చింది. ఇప్పటివాళ్లు ఫోన్లు చూసుకుంటారు. లీడింగ్ ఫైర్‌మన్ సన్యాసినాయుడు తన మనవడికి కొత్తగా వచ్చిన రెండు పళ్ల ఫోటో రోజుకి ఇరవైసార్లు చూసుకుని, నాకు ఇంకో పదిసార్లు చూపించేవాడు. ఇదంతా ఈ నాయుడి గురించే. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. పింఛనుకి ఇంకా పద్దెనిమిది నెలలు ఉండగా వచ్చిపడింది ఆ సర్క్యులర్.

సర్క్యులర్ ఒక్కటే రాలేదు, వెంట మనిషి కూడా వచ్చాడు. జవాన్ల ఉల్లాసాధికారి చక్రపాణి గారు. అలాంటి ఉద్యోగం ఒకటుందని మాకు అప్పుడే తెలిసింది. అందర్నీ వరసగా నిలబెట్టి ఇలా సెలవిచ్చారు.

“సోదరులారా! మీరు ఆర్పుచున్న అగ్నికంటె భయంకరమైన జ్వాల మీ అరచేతిలోనే ఉన్నది. ఆ వెలుగు కంటిని, కంటి ద్వారా మెదడును, మెదడు ద్వారా యావత్తు శాఖను దహించివేయుచున్నది. కావున నేటినుండి ప్రతి కేంద్రమునకు, ప్రతి అధికారికి దినమునకు నలభై నిమిషముల తెర దర్శనకాలము మాత్రమే అనుమతింపబడును.”

“దర్శనానికి టిక్కెట్టెక్కడిస్తారు సార్?” అన్నాడు డ్రైవరు కూర్మయ్య మెల్లిగా. చక్రపాణి గారికి వినపడలేదు.

ఫోన్లన్నీ ఒక రేకు పెట్టెలో వేయించి తాళం వేశారు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ వెళ్తూ వెళ్తూ ఆయన కళ్లు కంప్యూటర్ మీద పడ్డాయి.

ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. పూర్వం స్టేషన్‌లో నల్ల ఫోను ఉండేది, మోగితే పరుగు. రెండేళ్ల కిందట దాన్ని పీకేసి ఈ పెట్టె పెట్టారు. ఊళ్లో ఎవరు ఫోన్ చేసినా జిల్లా కేంద్రానికి పోతుంది. అక్కడినుంచి ఈ పెట్టె మీద ఎర్ర అక్షరాలతో పడుతుంది, పక్కనే ఒక నంబరు పడుతుంది. ఆ నంబరు పుస్తకంలో ఎక్కించుకున్నాకే బండి కదలాలని నియమం.

“ఇదేమిటి?” అన్నారు చక్రపాణి గారు.

“మంటలు ఇందులోనే వస్తాయి సార్,” అన్నాడు స్టేషన్ ఆఫీసరు విశ్వేశ్వర్రావు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాడు. పై అధికారి తుమ్మితే టైము రాసుకునే రకం.

“రోజుకి ఎంతసేపు చూస్తారు?”

“ఇరవై నాలుగు గంటలూ సార్. వంతులేసుకుని.”

చక్రపాణి గారు కుర్చీలో కూలబడ్డారు. నా చేతే మంచినీళ్లు తెప్పించుకుని తాగారు. “ఇరవై నాలుగు గంటలు! పోనీ సరదా బొమ్మలా? కాదు. అగ్నిప్రమాదములు! మనసుకు ఇంతకంటె హానికరమైన వీక్షణము మరొకటి ఉన్నదా?”

“సార్, అది సూడకపోతే మంటొచ్చినాదని మాకెలా తెలస్తాది?” అన్నాడు నాయుడు.

“తెలియుటవల్లనే కదా నాయుడు గారూ, మీకు ఆందోళన!”

నాయుడు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

పెట్టె మీద పట్టుగుడ్డ కప్పించారు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి గుడ్డ తియ్యాలి. తీసినప్పుడల్లా పదమూడు నిమిషాలు చూడాలి. మూడు పదమూళ్లు ముప్పై తొమ్మిది. మిగిలిన ఒక్క నిమిషం అత్యవసర నిల్వ, దాన్ని ముట్టుకోవాలంటే పై ఆఫీసు ఉత్తర్వు రావాలి. గేటుకి బోర్డు కూడా కట్టారు: “ప్రజలు తమ అగ్నిప్రమాదములను పై వేళలయందు మాత్రమే తెలియజేసి, జవాన్ల మనశ్శాంతికి సహకరించగలరు.”

మధ్యలో వచ్చిన కబురు ఏమవుతుందంటారా? అయిదు నిమిషాలు ఎవరూ తీసుకోకపోతే అదే తాటివలస స్టేషన్‌కి పోతుంది. తాటివలస ముప్పై కిలోమీటర్లు. వాళ్లు వచ్చేసరికి బూడిద చల్లారి ఉండేది. చూసి, సంతకాలు పెట్టించుకుని, నా కొట్లో టీ తాగి వెళ్లేవాళ్లు. ఆ మంట వాళ్ల పుస్తకంలోకి పోయేది. మా పుస్తకం తెల్లగా ఉండిపోయేది.

ఇక జవాన్లకి ఉల్లాస కార్యక్రమాలు మొదలయ్యాయి. మొదటిది “పచ్చదనమును తదేకముగా వీక్షించుట”. స్టేషన్ ఆవరణలో పచ్చగా ఉన్నది నేను కంచెకి పాకించిన కాకరపాదు ఒక్కటే. ఎనిమిదిమంది మనుషులు యూనిఫారాల్లో వరసగా కూర్చుని, పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం రెండింటి నుంచి ఇరవై నిమిషాలు నా కాకరపాదుని చూసేవారు.

“మామ్మా, ఎడమపక్క కాయ నిన్నటికీ ఇవాల్టికీ అంగుళం సాగినాదే,” అనేవాడు కూర్మయ్య.

“మీ దిష్టి తగిలి చేదు కూడా తగ్గిపోయిందిరా,” అనేదాన్ని.

రెండోది చిరునవ్వు పట్టిక. సాయంత్రం విశ్వేశ్వర్రావు ఒక్కొక్కడి ముందు నిలబడి, నవ్వమని, అల్పం, మధ్యమం, పూర్ణం అని రాసుకునేవాడు. నాయుడిది రోజూ అల్పమే.

“పై పళ్లు కనబడాలి నాయుడు గారూ.”

“పైన రెండు నేవు సార్. నూటతొమ్మిదిలో సంతలో మంటప్పుడు దూలం తగిలి ఊడిపోనాయి.”

ఆ ‘నూటతొమ్మిది’ బండి నంబరు. ఏ సంగతయినా నాయుడు సంవత్సరంతో చెప్పడు, ఏ బండి మీద వెళ్లాడో దాంతో చెబుతాడు. విశ్వేశ్వర్రావు పట్టికలో “దంతముల కొరత” అని రాసుకున్నాడు.

ఉగాదికి చక్రపాణి గారు మళ్లీ వచ్చారు, ఈసారి షీల్డుతో. నిరుడు ఫాల్గుణంలో గెడ్డపేటలో పదిహేడు అగ్నిప్రమాదాలట. ఈ ఏడు సున్నా. “దర్శనకాలమును తగ్గించినచో జవాన్ల అలసట మాత్రమే కాదు, అగ్నిప్రమాదములే తగ్గునని గెడ్డపేట లోకమునకు చాటినది!” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొబ్బరిపీచు కొట్టు పారమ్మ మాత్రం లేచి నిలబడింది.

“బాబూ, మరి పున్నం నాడు కాలిపోనాది మా మరిది పాక. అదేటి?”

“అది తాటివలసది తల్లీ,” అన్నాడు విశ్వేశ్వర్రావు.

“మా ఈదిలోనే కదా ఉంది!”

“పాక మీ వీధిలోదే. ప్రమాదము తాటివలసది.”

పారమ్మ కూర్చుంది. పక్కన నేనున్నాను, నా చెవిలో అడిగింది, “అత్తా, మరి బూడిదెవరిదే?”

చైత్రంలో పారమ్మ కొట్టే అంటుకుంది. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. వైరు ముక్క ఏదో కాలి పీచు మీద పడిందట. ఎండిన కొబ్బరిపీచు మండడం మీరెప్పుడైనా చూశారో లేదో, అది చూడాల్సినంత సేపు ఉండదు. పైగా పారమ్మ కొట్టు వెనక గోడకి ఆనుకుని అంగన్‌వాడీ. అందులో పందొమ్మిదిమంది పిల్లలు అన్నం తిని పడుకున్నారు.

పారమ్మ చెప్పుల్లేకుండా గేటులోంచి లోపలికి పరిగెత్తింది. “బాబూ, రాండి! తగలడిపోతంది! యెనకాల పిల్లలున్నారు!”

విశ్వేశ్వర్రావు గుడ్డ కప్పిన పెట్టెకేసి చూశాడు. గోడ గడియారంకేసి చూశాడు. పాపం, అతనికీ చెమటలు పట్టాయి, అబద్ధం చెప్పకూడదు. “ఆరింటికి గుడ్డ తీస్తామమ్మా. అంతవరకు నంబరు రాదు. నంబరు లేకుండా బండి...”

“సార్,” అన్నాడు నాయుడు, “పొగ కనబడతంది.”

“ఎక్కడ?”

“ఆకాశంలో సార్.”

“ఆకాశం మీద నంబరుంటుందా నాయుడు గారూ!”

నాయుడు కాకరపాదు ముందు కూర్చున్నవాళ్లకేసి తిరిగి, “లెగండ్రా” అన్నాడు, ఒక్కసారే. ఏడుగురూ లేచారు. బండి గేటు దాటిన చప్పుడుకి నా గాజు గ్లాసులు రెండు కింద పడ్డాయి. ముప్పావుగంటలో మంట ఆర్పారు. సగం కొట్టు దక్కింది. అంగన్‌వాడీ గోడ నల్లబడింది గానీ, పిల్లలందర్నీ అంతకుముందే ఎత్తి బయటపెట్టారు. అందులో ఇద్దరు లేవనే లేవలేదట, కూర్మయ్య భుజం మీదే నిద్రపోయారు.

నాలుగో రోజుకల్లా నాయుడికి కాగితం వచ్చింది. అది నాకు చదివి వినిపించాడు. “లేని అగ్నిప్రమాదమును ఆర్పుట. తద్ద్వారా నాలుగువేల అయిదువందల లీటర్ల నీటిని కారణరహితముగా పోయుట. ఏడుగురు జవాన్లకు పచ్చదన వీక్షణమును భంగపరచుట.” విచారణ తేలేదాకా సస్పెన్షన్. తేలి, తప్పని రుజువైతే ఉద్యోగం, పింఛను రెండూ పోతాయని అడుగున ఉంది.

“మామ్మా, నాను ఆరిపినాది ఏటే మరి?” అన్నాడు.

విచారణాధికారి ఎవరనుకున్నారు? చక్రపాణి గారే. స్టేషన్ ఆవరణలో షామియానా వేశారు. నాయుడు టోపీ లేకుండా నిలబడ్డాడు. నేను పునుకుల బాణలి కూతురికి అప్పగించి ముందు వరసలో కూర్చున్నాను.

“ఆ దినమున మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములకు గెడ్డపేటలో ఎట్టి అగ్నిప్రమాదమును నమోదు కాలేదు. అంగీకరిస్తారా?”

“నమోదు నేదు సార్. మంటుంది.”

“ఉన్నచో చూపించండి.”

“ఆరిపేసినాం కదా సార్.”

“అనగా ప్రస్తుతము లేదు.” చక్రపాణి గారు గుమాస్తాకేసి తిరిగారు. “లేదని ఒప్పుకొన్నాడు, రాసుకొమ్ము.”

పారమ్మ గంపెడు మాడిన పీచు తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఆయన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూశారు. “ఇది నల్లని పీచు. పీచు నల్లగా ఉండుటకు అనేక కారణములు ఉండవచ్చును.”

అప్పుడు కూర్మయ్యకి మంచి ఆలోచన వచ్చింది. ఊళ్లో యాభైమంది ఆ మంటని ఫోన్లలో తీశారు. ఒక్కటి చూస్తే చాలు. చక్రపాణి గారు విచారంగా తలాడించారు. దర్శనకాలం తగ్గింపు మీద ఆయన పొద్దున కంప్యూటర్‌లో ఉపన్యాసం తయారుచేసుకున్నారట, దానికే ముప్పై తొమ్మిది నిమిషాలు ఖర్చయ్యాయి. ఆయనకీ ఒక్క నిమిషమే మిగిలింది.

“ఆ ఒక్క నిమిసం సూడండి సార్, నా బతుకంతా అందులో ఉంది,” అన్నాడు నాయుడు.

ఫోను తెప్పించారు. విశ్వేశ్వర్రావు గడియారం పట్టుకున్నాడు. ఆ వీడియో తీసినవాడు ముందు తన మొహం చూపించుకున్నాడు. జుట్టు సర్దుకున్నాడు. తన పేరు చెప్పాడు, మన గెడ్డపేటలో ఈ రోజు ఏం జరుగుతోందో చూద్దాం అన్నాడు, నచ్చితే పదిమందికి పంపమన్నాడు, నిరుడు పెట్టిన వీడియోలు కూడా చూడమన్నాడు. “ఇప్పుడు చూడండి...” అని ఫోను వెనక్కి తిప్పబోతుండగా నిమిషం అయిపోయింది. ఫోను మీద రుమాలు కప్పేశారు.

“నాకు ఒక యువకుడు మాత్రమే కనబడెను,” అన్నారు చక్రపాణి గారు.

ఇక మిగిలిన సాక్ష్యం నేనే. గేటు పక్కనుంచి పొగ చూసినదాన్ని, బండి వెళ్లడం చూసినదాన్ని, రావడం చూసినదాన్ని. ప్రమాణం చేయించి, “మీకు తెలిసినది తెలిసినట్లు, మొదటినుండి, ఏదియు దాచక చెప్పుడు,” అన్నారు. ఆయన అడిగిన మాటే అది. నేను మొదటినుంచే మొదలుపెట్టాను.

మా పెళ్లయిన మూడో నెలలో గోగునార గొడౌను కాలినప్పటినుంచి చెప్పాను. మధ్యాహ్నానికి రైస్ మిల్లు మంటకి వచ్చాను. గుమాస్తా చేత్తో రాయాలి కదా, కంప్యూటర్ ముట్టుకోకూడదు. సాయంత్రానికి రెండు పెన్నులు అయిపోయాయి. రెండోరోజు సంతలో మంటల మీదే గడిచింది, ఎందుకంటే అవి మూడు. ఏది ముందో ఏది వెనకో తేడా రాకూడదు. నాయుడి పళ్లు ఊడింది రెండోదాంట్లో.

“మామ్మగారూ, దయచేసి విషయమునకు రండి,” అన్నారు మూడోరోజు పొద్దున. గొంతు బాగా తగ్గిపోయింది.

“వస్తన్నాను బాబూ. ఇంకా మా ఆయన బతికే ఉన్నాడు. ఆయన పోయాక ఎనిమిదేళ్లకి కదా పారమ్మ కొట్టు.”

ఆయన తల రెండు చేతుల్తో పట్టుకున్నారు. “మామ్మగారూ, ఆ ఒక్కరోజు చాలును. ఆ రోజు వారు ఏమి చేసిరి? క్లుప్తముగా!”

క్లుప్తంగా చెప్పడం నాకు అలవాటు లేదు, అయినా పెద్దమనిషి అడిగాడని చెప్పాను. “ఏటి చేస్తారు బాబూ. అందరూ కలిసి బండెక్కారు. ఊరి చివరికి వెళ్లారు. నీళ్లు పోశారు, తడిసి ముద్దయ్యారు. పిల్లల్ని ఎత్తుకున్నారు. తిరిగొచ్చి నా కొట్లో అందరూ ఒక్క పళ్లెంలో పునుకులు తిన్నారు.”

చక్రపాణి గారు తలెత్తారు. “ఏమన్నారు? సామూహికముగా వెళ్లిరా?”

“ఎనిమిదిమందీ.”

“ఆరుబయట? నీటితో?”

“తడిసి ముద్దయ్యారంటే!”

“నవ్విరా?”

“నవ్వరా బాబూ, పందొమ్మిదిమంది పిల్లలు దక్కారు. నాయుడు కూడా నవ్వాడు. ఉన్న పళ్లన్నీ కనబడ్డాయి.”

ఆయన గుమాస్తా చేతిలోంచి కాగితాలు లాక్కుని వెతికారు. ప్రతి స్టేషను ఏడాదికి నాలుగు సామూహిక విహారాలు జరపాలట. షీల్డు ఇచ్చిన గెడ్డపేటకి ఆ గడిలో ఒక్కటీ లేదట. పై ఆఫీసు ఆయన్నే సంజాయిషీ అడుగుతోందట. ఇవన్నీ ఆయన పైకే గొణుక్కున్నారు. అరగంటలో తీర్పు వచ్చేసింది.

“సదరు దినమున అగ్నిప్రమాదము జరగలేదు. జరిగినది సామూహిక జలవిహారము. దానికి చొరవ చూపిన సన్యాసినాయుడు గారి సస్పెన్షన్ రద్దు చేయడమైనది. ఉత్తమ విహార నాయకుడుగా ప్రశంసాపత్రము ఇవ్వడమైనది.”

అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. నాయుడు ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బంగారు అంచుంది. “ముప్పై నాలుగేళ్లు మంటలు ఆరిపినాను మామ్మా, ఒక్క కాయితం ముక్క నేదు. ఒక్క రోజు షికారుకెల్తే వచ్చినాది.”

పారమ్మకి కూడా ఒక ఉత్తరం వచ్చింది. విహారానికి స్థలం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. దాన్ని పట్టుకుని కాలిన కొట్టుకి సాయం చేయమని తాలూకా ఆఫీసుకి వెళితే, అక్కడి గుమాస్తా చదివి, “ఏటమ్మా, పిక్నిక్ చేసుకుని సర్కారుని సాయం అడుగుతున్నావా?” అన్నాడట.

ఆ రోజునుంచి మావాళ్లకి దారి దొరికింది. ఎవరో పరిగెత్తుకుంటూ వస్తారు. విశ్వేశ్వర్రావు విహార ఉత్తర్వు రాసి సంతకం పెడతాడు. ఇప్పుడతను చాలా వేగంగా రాస్తాడు, ఆ మాట చెప్పుకోవాలి. బండి వెళుతుంది. తిరిగొచ్చాక నాయుడు ఒక కాగితం నింపాలి: వెళ్లినవారు ఎందరు, తడిసినవారు ఎందరు, ఏం తిన్నారు. అడుగున, విహారము ఎట్లు సాగినది అని మూడు గడులు. బాగున్నది, చాలా బాగున్నది, మరువలేనిది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నాయుడు ఎప్పుడూ మొదటిదాంట్లోనే పెట్టేవాడు. ఆ ఎండాకాలంలో మావాళ్లు నలభై మూడు విహారాలకి వెళ్లారు. అగ్నిప్రమాదాలు మాత్రం సున్నా.

నలభై నాలుగోది జ్యేష్ఠంలో. గెడ్డ వాగు అవతల ఇటుకబట్టీ పనివాళ్ల పాకలు. సాయంత్రం నాలుగు. వాళ్లలో ఒకడి దగ్గర ఫోనుంది. వెంటనే చేశాడు. పెట్టె మీద ఎర్ర అక్షరాలు పడే ఉంటాయి, గుడ్డ కింద. ఎవరూ రాకపోయేసరికి ఇంకొకడు సైకిలేసుకుని నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాడు. ఉత్తర్వు నిమిషంలో అయిపోయింది. బండి నేను ఎప్పుడూ చూడనంత జోరుగా వెళ్లింది. పదకొండు పాకలు పోయాయి. పిల్లాపెద్దా అందరూ బయటపడ్డారు. కాళ్లు పడిపోయిన లచ్చయ్య అనే ముసలాయన ఒక్కడూ మంచం మీద ఉండిపోయాడు. ఆయన్ని బయటికి తెచ్చింది నాయుడే, అప్పటికే ప్రాణం పోయింది.

తిరిగొచ్చాక ఎవరూ టీ అడగలేదు. నేనే ఇచ్చాను. నాయుడు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. వెళ్లినవారు ఎనిమిది. తడిసినవారు ఎనిమిది. తిన్నది ఏమీ లేదు. అడుగుకి వచ్చాక పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

“ఖాళీగా వదిలేస్తే వెనక్కి పంపిస్తారు నాయుడు గారూ,” అన్నాడు విశ్వేశ్వర్రావు.

“తెలుసు సార్,” అని, మూడో గడిలో టిక్కు పెట్టాడు.

వారం తిరగకుండా పై ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. గెడ్డపేట జవాన్లు తొలిసారిగా మరువలేని విహారం జరిపినందుకు చాలా సంతోషమట. ఇకమీదట నెలకు ఒకటైనా అలాంటిది ఉండేలా చూడమన్నారు.